డెల్టాలో కట్టిన క్యాంపర్ వ్యాన్‌తో జనవరిలో స్పితికి: బండిలో ఏమేం మార్చాలి

పాలకొల్లులో కట్టించుకున్న ఫోర్స్ ట్రావెలర్ క్యాంపర్‌లో భార్యాభర్తలిద్దరూ, పదేళ్ల బాబూ జనవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకి వెళ్లి బండిలోనే పడుకోవచ్చా, దానికి ఏమేం మార్చుకోవాలి అని అడిగారు. బండిలో ఏమున్నాయో కూడా రాశారు: బీఎస్-6 డీజిల్ ఇంజను, గోడల్లో గ్లాస్ ఊల్, ఛాసిస్ కింద 80 లీటర్ల నీళ్ల ట్యాంకు, పైన సోలార్ ప్యానెళ్లు, 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, 5 కిలోల గ్యాస్ సిలిండరు. హీటర్ ఇంకా పెట్టించలేదు, గ్యాస్ హీటర్ సరిపోతుందా అని కూడా అడిగారు.

వెళ్లొచ్చండి. ఇప్పుడున్న బండితో మాత్రం వద్దు. గ్యాస్ హీటర్ ఆలోచన ఇక్కడితో మానెయ్యండి, ఎందుకో కింద వివరంగా రాస్తాను.

జనవరిలో మన దగ్గర తెల్లవారుజామున 17, 18 డిగ్రీలుంటేనే రగ్గు కప్పుకుంటాం. స్పితిలోని ముఖ్యమైన ఊరు కాజాలో అదే వేళకి మైనస్ 20 మామూలు, కొన్ని రాత్రులు ఇంకా కిందికి దిగుతుంది. అయితే చలికి వణికేది మనుషులు. బండి చెడేది ఎక్కువగా నీళ్ల వల్ల. నీళ్లు గడ్డకట్టేటప్పుడు 9 శాతం దాకా ఉబ్బుతాయి, అడ్డొచ్చింది ఇనుమైనా పగలగొడతాయి. డెల్టాలో తిరిగిన బండిలో ఆ నీళ్లు మనం అనుకోని చోట్లన్నీ ఉంటాయి: రేడియేటర్లో, డీజిల్ ఫిల్టర్ అడుగున, గ్లాస్ ఊల్ లోపల, పరుపు కింద, పంపు పొట్టలో. బయల్దేరేముందు వాటిని బయటికి లాగెయ్యడం సగం పని. రాత్రిపూట మీరు ముగ్గురూ ఊపిరితో వదిలే నీళ్లని బయటికి పంపడం మిగతా సగం. హీటర్ సంగతి ఈ రెండింటితో కలిపి చూడాలి.

దారి గురించి ఒక్క మాట. చలికాలంలో మనాలి వైపు నుంచి కుంజుమ్ కనుమ మూసి ఉంటుంది. అటల్ సొరంగం ఉంది కదా అనుకోవద్దు, అది లాహౌల్ దాకానే, అంటే సిస్సు, కేలాంగ్ వైపు తీసుకెళుతుంది. జనవరిలో కాజాకి షిమ్లా, రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, టాబో మీదుగా వెళ్లే దారి ఒక్కటే. దీనివల్ల మేలు కూడా ఉంది. ఎత్తు మెల్లగా పెరుగుతుంది కాబట్టి సముద్రమట్టం నుంచి వచ్చిన ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. షిమ్లాలో ఒకటి, రెకాంగ్ పియో లేదా కల్పాలో రెండు, నాకోలో ఒకటి చొప్పున రాత్రులు ఆగి, అప్పుడు కాజా చేరండి. బాబు ఉన్నాడు కాబట్టి ఇందులో ఒక్క రాత్రి కూడా తగ్గించొద్దు.

ముందు ఇంజను. రేడియేటర్లో నీళ్లు తగ్గితే మన దగ్గర బోరు నీళ్లో కాలవ నీళ్లో పోసేస్తారు. ఇక్కడ దాంతో వెంటనే నష్టం కనపడదు. మైనస్ 10లో ఒక్క రాత్రికే రేడియేటరూ పోతుంది, ఇంజను బ్లాకూ పగలొచ్చు. ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పునీటి తొట్టి చూసే ఉంటారు: డబ్బాల్లోని మంచినీళ్లు దిమ్మలైపోతాయి, చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు అంతకన్నా చల్లగా ఉండి కూడా పారుతూనే ఉంటాయి. కూలెంట్ చేసే పనీ అదే. సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిస్తే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. గ్లైకాల్ మూడో వంతే ఉంటే మైనస్ 18 దగ్గరే గడ్డ మొదలవుతుంది. ఎక్కువైతే ఇంకా మంచిదని కాన్సన్‌ట్రేట్ నేరుగా పోసేవాళ్లున్నారు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గట్టిపడుతుంది.

మార్చేటప్పుడు ఎక్కువమంది వదిలేసేది క్యాబిన్ హీటర్ గొట్టాలు. హీటర్ నాబ్ చల్లటి వైపు ఉంచి రేడియేటర్ ఖాళీ చేస్తే, కొన్ని బళ్లలో హీటర్ కోర్‌లో పాత నీళ్లు అలాగే మిగిలిపోతాయి. పగిలేది అక్కడే, తడిసేది డ్రైవరు కాళ్ల దగ్గరే. నాబ్ పూర్తి వేడి వైపు పెట్టి, పాతది వదిలేసి, డిస్టిల్డ్ వాటర్ పోసి పది నిమిషాలు ఇంజను నడిపి మళ్లీ వదిలెయ్యాలి. రంగు లేని నీళ్లు వచ్చేదాకా ఇలా చేయండి. లోపల కొంత నీరు ఎలాగూ మిగిలిపోతుంది కాబట్టి చివర్లో ముందే కలిపి అమ్మే కూలెంట్ కాకుండా కాన్సన్‌ట్రేట్ తెచ్చుకోండి. బండి పుస్తకంలో మొత్తం ఎన్ని లీటర్లని రాసుంటే అందులో సగం కాన్సన్‌ట్రేట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. రెండు రోజులు తిరిగాక రిఫ్రాక్టోమీటర్‌తో (గ్లైకాల్ పాళ్లు చూపే చిన్న పరికరం) ఒక చుక్క చూడమని మెకానిక్‌కి చెప్పండి. అద్దం తుడిచే నీళ్ల డబ్బాని మరిచిపోవద్దు. అందులో మామూలు నీళ్లుంటే చిన్న పంపు పగులుతుంది. చలిదేశాల వాషర్ ద్రవం దొరక్కపోతే రాంపూర్‌లో ఖాళీ చేసేయండి.

ఇంజన్ ఆయిల్ 15డబ్ల్యూ-40 అయితే, మీ ఇంజను పుస్తకం ఒప్పుకునే పక్షంలో చలికి అంతగా చిక్కబడని 5డబ్ల్యూ రకానికి మారండి. బీఎస్-6 బండికి ఏ గ్రేడు పడితే ఆ గ్రేడు పొయ్యకూడదు, పొగ ఫిల్టర్ దెబ్బతింటుంది. పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం (డీఈఎఫ్) ట్యాంకు ఉంటే నిండా నింపొద్దు. ఆ ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకట్టి ఉబ్బుతుంది. ఇంజను నడిస్తే దానంతటదే కరుగుతుంది, కంగారు పడక్కర్లేదు.

డీజిల్ దగ్గర కాస్త ఆగాలి, దారిలో బళ్లు నిలిచిపోయేది ఎక్కువగా దీనివల్లే. డీజిల్లో సహజంగానే మైనం ఉంటుంది. చల్లబడ్డప్పుడు అది గింజలు గింజలుగా విడిపోయి ఫిల్టర్ని మూసేస్తుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం చలికాలపు డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్లోంచి దిగితే చాలు, వేసవి డీజిల్‌కి 18 డిగ్రీలు చాలు. అంటే పాలకొల్లులో పోయించిన డీజిల్‌కి మైనస్ చలిలో పనిచేస్తానన్న హామీ ఏదీ లేదు. మైనం పట్టిన బండి పొద్దున మామూలుగానే స్టార్టవుతుంది, గొట్టాల్లో ఉన్నది అయిపోయాక పది నిమిషాలకి గుంజి ఆగిపోతుంది. బ్యాటరీ బాగుంది, స్టార్టర్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదంటే ముందు దీన్నే అనుమానించండి.

దీన్ని ఇంటి దగ్గరే కళ్లతో చూడొచ్చు. చేపలో ఐస్‌క్రీములో పెట్టే డీప్ ఫ్రీజర్లు మైనస్ 18 దగ్గర నడుస్తాయి. తిండి పెట్టని పాతది ఒకటి ఎక్కడైనా దొరుకుతుంది. మూడు చిన్న సీసాల్లో, మూతలు బిగించి, ఒకదాంట్లో మీ ట్యాంకులోని డీజిల్, రెండోదాంట్లో అదే డీజిల్‌కి యాంటీ-జెల్ మందు కలిపింది, మూడోదాంట్లో మీ రేడియేటర్లోంచి తీసిన కూలెంట్ పోసి ఒక రాత్రి ఉంచండి. కూలెంట్ నీళ్లలా కదలాలి; అడుగున పలుకులు కనపడితే గ్లైకాల్ చాలలేదన్నమాట. ఉత్త డీజిల్ ముందు మజ్జిగలా తెల్లబడుతుంది, తర్వాత వంచినా కదలని ముద్దవుతుంది. మందు కలిపింది కూడా తెల్లగానే ఉండొచ్చు, అది తప్పు కాదు. మందు మైనాన్ని మాయం చెయ్యదు, గింజలు పెద్దవి కాకుండా ఆపుతుంది అంతే. వంచితే పారుతోందా లేదా అన్నదే చూడాల్సింది.

అందుకే ఈ మందుని, డీజిల్ ఇంకా వెచ్చగా ఉండగానే, చండీగఢ్ దగ్గర పోయించేటప్పుడే కలపాలి. గట్టిపడ్డాక పోస్తే పనిచెయ్యదు. కింది నుంచి తెచ్చిన డీజిల్ని రెకాంగ్ పియో చేరేసరికి పావు ట్యాంకుకి దించి, అక్కడ నిండా పోయించండి. అక్కణ్ణుంచి కాజా దాకా మధ్యలో పంపు దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా గట్టిపడని చలికాలపు డీజిల్‌ని లద్దాఖ్ కోసం తెచ్చింది. కాజా పంపులో ఆ రకం ఉందేమో అడిగి పోయించుకోండి. డీజిల్ ఫిల్టర్ కింద ఉండే డ్రెయిన్ స్క్రూ తిప్పి అడుగునున్న నీళ్లు వదలడం బయల్దేరేముందు ఒకసారి, పియోలో ఒకసారి చెయ్యాలి. ఒక కొత్త ఫిల్టరు, దాన్ని విప్పే పానా దగ్గరుంచుకోండి. పాత లారీ డ్రైవర్లు కిరసనాయిలు కలపమంటారు. పాత ఇంజన్లకది నడిచింది, మీ కామన్ రైల్ పంపుకి నడవదు. డీజిలే ఆ పంపుకి జిడ్డు, కిరసనాయిల్లో ఆ జిడ్డు లేదు. ట్యాంకు కింద మంట పెట్టి కరిగించే పద్ధతి కూడా అక్కడ కనిపిస్తుంది. మీ బండి కింద ప్లాస్టిక్ గొట్టాలు, వైర్లు ఉన్నాయి, ఎవరైనా సాయం చేస్తామని మంట తెస్తే మర్యాదగా వద్దనండి.

ఇప్పుడు గోడలు. గ్లాస్ ఊల్ తీసేయండి. పొడిగా ఉన్నంతసేపే దాని విలువ. మన గాలిలోని చెమ్మ ఇప్పటికే దాంట్లో కూర్చుని ఉంటుంది, దాని వెనక రేకు తుప్పు పడుతూ ఉంటుంది. నర్సాపురం, అంతర్వేది వైపు తిరిగే బండైతే ఉప్పుగాలి కూడా తోడవుతుంది. తీసినప్పుడు తుప్పు గీకి, ప్రైమర్ వేయించి, ఏసీ డక్టులకి చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు 25 మిల్లీమీటర్లది రేకుకి పూర్తిగా అంటించండి. అందులో గాలి గదులు దేనికది మూసుకుని ఉంటాయి కాబట్టి చెమ్మ పీల్చదు. షీటుకీ రేకుకీ మధ్య ఖాళీ ఉంటే అక్కడే నీళ్లు చేరతాయి. అడ్డపట్టీలనీ వదలొద్దు, కనీసం 10 మిల్లీమీటర్లది వాటి మీద కూడా వెయ్యండి.

దీనికన్నా ముందు చెయ్యాల్సింది అద్దాలు. ట్రావెలర్‌కి అద్దాలెక్కువ. నాలుగు చదరపు మీటర్ల ఒంటి అద్దం ఉందనుకుందాం. లోపల 12, బయట మైనస్ 18 ఉంటే ఆ అద్దాల్లోంచే దాదాపు 680 వాట్ల వేడి పోతుంది. అదే అద్దాలకి లోపల్నించి 20 మిల్లీమీటర్ల ఫోమ్ పలకలు బిర్రుగా పెడితే 165 వాట్లకి దిగుతుంది. పలకని అద్దం కన్నా అర సెంటీమీటరు పెద్దగా కోసి అంచుల్లో దూర్చాలి. రబ్బరు బుడిపెలతో అంటించేవి చలికి రాత్రి ఊడిపోతాయి. డ్రైవరు సీట్ల వెనక నేల నుంచి కప్పు దాకా మందపాటి రజాయి లాంటి తెర వేలాడదీయండి, ముందు భాగాన్ని వెచ్చబెట్టే పని తప్పుతుంది.

హీటర్ విషయానికొస్తే డీజిల్ ఎయిర్ హీటర్ తప్ప వేరే దారి లేదు. మంట గది విడిగా ఉండి, దానికి కావలసిన గాలి బయటి నుంచి వచ్చి, పొగ బయటికి పోవడం ఇందులో కీలకం. గ్యాస్ హీటర్ మంట మీరు పీల్చే గాలిలోనే మండుతుంది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన 8 మంది, అందులో నలుగురు పిల్లలు, హోటల్ గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకుని తిరిగి లేవలేదు. కుంపటి, బొగ్గుల కుండ, లోపల వెలిగించి ఉంచిన స్టవ్వు అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు.

ఎంత సైజు? ఇక్కడే చాలామంది పొరపాటు లెక్క వేస్తారు. కాజా ఎత్తు 3,600 మీటర్ల పైన. అక్కడ గాలి వత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఆక్సిజన్ తగ్గినంత మేర డీజిల్ కూడా తగ్గించి మండించాలి, లేకపోతే మసి పట్టి ఆగిపోతుంది. అంటే 2 కిలోవాట్ల హీటర్ అక్కడ 1.3 కిలోవాట్లే ఇస్తుంది. పైన చెప్పినట్టు ఇన్సులేషన్ చేసిన ట్రావెలర్‌కి మైనస్ 18లో గోడలు, నేల, కప్పు, గాలి మార్పిడి అన్నీ కలిపి ఒకటిన్నర కిలోవాట్లకి తక్కువ కాకుండా కావాలి. కాబట్టి 4 లేదా 5 కిలోవాట్లది, ఎత్తుని బట్టి తనే ఇంధనం సర్దుకునే సెన్సర్ ఉన్నది తీసుకోండి. చవక రకాల్లో పంపు వేగాన్ని మనమే సెట్టింగుల్లో మార్చాలి. 1,500 మీటర్లు దాటినప్పటి నుంచి తగ్గిస్తూ పోయి, కాజాలో మూడో వంతు తగ్గించాలి. పెద్ద హీటర్ని రోజంతా సన్నగా నడిపితే మసి పడుతుంది. రోజుకోసారి ఇరవై నిమిషాలు పూర్తి వేగంలో నడపండి. ఆపేటప్పుడు స్విచ్ నొక్కి అది చల్లబడి తనంతట తను ఆగేదాకా ఉంచాలి, మధ్యలో కరెంటు పీకితే లోపలి భాగాలు కాలిపోతాయి. పన్నెండు గంటల రాత్రికి రెండున్నర లీటర్ల డీజిల్ అనుకోండి. హీటర్లో మంట అంటించే గ్లో ప్లగ్గు విడిది, దాని జాలీ ఒక్కోటి దగ్గరుండాలి.

బిగింపులో నాలుగు చోట్లు మీరే నిలబడి చూసుకోండి. పొగ గొట్టం చివర బండి అంచు దాటి పక్కకి రావాలి, బండి కిందే వదిలేస్తే మంచు గోడ మధ్య పొగ పోగై నేలలోని సందుల్లోంచి పైకొస్తుంది. గాలి లాగే గొట్టం దానికి దూరంగా, వేరే దిక్కుకి ఉండాలి. నేలకి బిగించే పలక కింద గ్యాస్కెట్ పూర్తిగా కూర్చోవాలి. ఇంధనం పంపు అడ్డంగా కాక, బయటికి పంపే వైపు పైకి ఉండేలా వాలుగా పెట్టాలి, లేకపోతే బుడగలు లోపల చిక్కుకుని మంట తడబడుతుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండు కొనండి, ఒకటి పడుకునే తల ఎత్తులో, ఒకటి హీటర్ వైపు. ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కితే తలనొప్పి, వికారం, నిస్సత్తువ వస్తాయి. ఎత్తు పడకపోయినా అవే వస్తాయి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఈ రెంటికీ తేడా చెప్పలేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కగట్టి అంకె బాగున్నట్టే చూపిస్తుంది. కాబట్టి రాత్రి ఒకరికి తలనొప్పి మొదలైతే, అంకె బాగుంది కదా అని పడుకోవద్దు. హీటర్ ఆపి, తలుపులు తీసి, ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని బయటికి రండి. బయట కాసేపటికి తగ్గితే ఆ రాత్రి హీటర్ మళ్లీ వెయ్యొద్దు, ఊళ్లో గది తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. తగ్గకపోతే రెండింట్లో ఏదైనా కావొచ్చు, హీటర్ వెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లి, తెల్లారగానే కిందికి దిగండి. తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోవడం కూడా వద్దు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దగ్గర మంచు తుఫానులో చిక్కుకున్న కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. చుట్టూ పేరుకున్న మంచు సైలెన్సర్ని మూసేస్తే పొగ లోపలికే వస్తుంది. దారిలో ఇరుక్కుంటే ముందు పారతో సైలెన్సర్ చుట్టూ తవ్వి, గంటకి పది నిమిషాలు మాత్రం ఇంజను వేసి, ఆ పది నిమిషాలూ గాలి నేరుగా కొట్టని వైపు అద్దం కొద్దిగా దించి ఉంచండి.

చెమ్మ. ముగ్గురు మనుషులు ఒక రాత్రిలో ఊపిరితోనే ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు వదులుతారు. గ్యాస్ మండితే కిలోకి 1.6 కిలోల నీరు పుడుతుంది, అంటే వంటకి వంద గ్రాముల గ్యాస్ వాడితే 160 మిల్లీలీటర్లు, అన్నం ఉడికిన ఆవిరి కాక. ఇదంతా ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి వెళ్లి గడ్డకడుతుంది: స్క్రూ తలల మీద, తలుపు అంచుల్లో, పరుపు అడుగున. మర్నాడు ఎండకి కరిగి కారుతుంది. చలి అని అన్నీ మూసేస్తే మూడో రోజుకి రగ్గులు తడిసి, తడి రగ్గులో వెచ్చదనం ఉండక హీటర్ పెంచుకుంటూ పోతారు. కప్పు మీది గాలి కిటికీ ఒక అంగుళం, కింద ఇంకో చిన్న రంధ్రం రాత్రంతా తెరిచి ఉంచండి. కొంత వేడి పోతుంది, పోనివ్వండి. డీజిల్ హీటర్ ఇచ్చేది పొడి వేడి కాబట్టి గాలి మారుతుంటే బండి ఆరుతుంది.

పరుపు కిందికి మన కోనసీమ కొబ్బరి పీచు పట్టా చక్కగా పనికొస్తుంది. అంగుళం మందం పట్టా పరిస్తే పరుపుకీ ప్లైవుడ్‌కీ మధ్య గాలి ఆడుతుంది. పొద్దున్నే పరుపు ఎత్తి నిలబెట్టండి. దూది బొంతలు ఇంట్లో వదిలెయ్యండి, చెమ్మ పీల్చి బరువెక్కుతాయి, ఆరవు. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు లిమిట్ అని రాసిన అంకె కాదు, కంఫర్ట్ అని రాసిన అంకె చూడాలి. హీటర్ రాత్రి ఆగిపోయినా తెల్లారేదాకా గడిచేలా మైనస్ 15 కంఫర్ట్ ఉన్నవి తీసుకోండి. తడి బట్టలు లోపల ఆరెయ్యొద్దు.

నీళ్ల ట్యాంకు గురించి ఎక్కువ ఆలోచించకండి. ఛాసిస్ కింద ఉన్న ట్యాంకుని స్పితిలో వాడలేరు. వెచ్చబెట్టే పట్టీలు చుట్టినా గొట్టం మలుపుల్లో ఎక్కడో ఒకచోట గడ్డకడుతుంది. రాంపూర్‌లోనే మొత్తం ఖాళీ చేసి, కుళాయిలన్నీ తెరిచి, వేడి-చల్ల కుళాయిని మధ్యలో ఉంచి, పంపు కొన్ని సెకన్లు ఉత్తగా తిప్పి, గీజర్ డ్రెయిన్ తీసి, షవర్ గొట్టం కిందికి వేలాడదీయండి. నీళ్ల ఫిల్టర్ విప్పి లోపల పెట్టుకోండి. దాని మెంబ్రేన్ ఒక్కసారి గడ్డకడితే పైకి బాగానే కనపడుతుంది, లోపల చిరిగిపోయి ఉంటుంది, ఆ నీళ్లు తాగినా వడగట్టనట్టే. ఆ తర్వాత 20 లీటర్ల క్యాన్లు రెండు, ముప్పావు వంతు నింపి, లోపల హీటర్ గాలి తగిలే చోట పెట్టుకుంటే చాలు. తాగే సీసాలు తలకిందులుగా పెట్టండి. గడ్డ పైనుంచి కడుతుంది, పొద్దున తిప్పితే మూతి దగ్గర నీళ్లే ఉంటాయి. మరుగుదొడ్డికి నీళ్లతో పనిలేని పద్ధతి వాడండి: గట్టి సంచీ వేసిన బకెట్టు, ఒక్కో వాడకానికీ రెండు గుప్పెళ్ల ఊక. రైసు మిల్లు నుంచి ఒక బస్తా ఊక వెంట తీసుకెళ్లడం కష్టమేం కాదు. సంచులు అక్కడ పారెయ్యకుండా కిందికి తెచ్చుకోవాలి.

వంట. కాజాలో నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపున్నా ఉడకదు. కుక్కరు తప్పదు, మామూలు కన్నా మూడో నాలుగో విజిళ్లు ఎక్కువ పెట్టాలి, పప్పు మధ్యాహ్నమే నానబెట్టుకోవాలి. విజిల్ ఎత్తి ఆవిరి వదలకుండా దానంతట అదే చల్లారనిస్తే ఆ చెమ్మ అంతా కుక్కర్లోనే ఉంటుంది. సిలిండర్లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా అవుతుంది. వాడుతున్న కొద్దీ ముందు ప్రొపేన్ అయిపోతుంది, అందుకే సగం వాడిన సిలిండర్ బరువున్నా చలిలో మండదు. పైకి వెళ్లేటప్పుడు నిండు సిలిండర్ ఉండాలి. దాన్ని పెట్టే అర నివసించే భాగం నుంచి పూర్తిగా మూసి, అడుగున బయటికి రంధ్రం ఉండాలి, గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి కిందికే పోవాలి.

లిథియం బ్యాటరీ మీద చలి ప్రభావం కనపడకుండా ఉంటుంది. మైనస్‌లో కరెంటు ఇస్తుంది, కానీ సున్నా కింద ఛార్జి ఎక్కిస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా చెడుతుంది. బీఎంఎస్‌లో (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) చలికి ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉందో లేదో అమ్మినవాళ్లనే అడిగి తెలుసుకోండి. బ్యాటరీని మాత్రం నివసించే భాగంలోకి మార్చండి. కప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్ జనవరి మధ్యాహ్నం మన దగ్గర ఇచ్చేదాంట్లో ముప్పావు వంతే అక్కడ ఇస్తుంది, సూర్యుడు 37 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అది కూడా కొండ నీడ పడనప్పుడు, మంచు తుడిచినప్పుడు. హీటర్‌కి రాత్రికి 25 ఆంపియర్ అవర్లు, లైట్లు, ఫోన్లకి ఇంకో 10. ఫ్రిజ్ ఆపేస్తారు ఎలాగూ. వంద సరిపోతుంది, ఇంజను నడుస్తున్నప్పుడు ఛార్జయ్యే డీసీ ఛార్జర్ ఉంటే నిశ్చింత. స్టార్టింగ్ బ్యాటరీ మూడేళ్లు దాటితే పరీక్షతో పనిలేదు, కొత్తది వేయించండి. మన ఎండల్లో నలిగిన బ్యాటరీ ఇక్కడ బాగానే తిప్పుతుంది, మైనస్ 15లో తిప్పదు.

టైర్లలో గాలి చలికి తగ్గుతుంది, ఎత్తుకి పెరిగినట్టు చూపిస్తుంది. పాలకొల్లులో 30 డిగ్రీల దగ్గర 50 పీఎస్ఐ పట్టించి కాజాలో మైనస్ 15లో చూస్తే దాదాపు 45, 46 ఉంటుంది, అక్కడ సరిచేసుకుని దిగేటప్పుడు మళ్లీ చూసుకోవాలి. మంచులో జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు ట్రావెలర్‌కి వెనక చక్రాలకి వెయ్యాలి (వింగర్ లాంటి బళ్లకైతే ముందు చక్రాలకి). ఇంటి దగ్గర వరి కోసిన మళ్లో గ్లవ్స్ వేసుకుని రెండు మూడుసార్లు వేసి తియ్యండి, మైనస్ పదిలో నేర్చుకునే విద్య కాదది. వేశాక గంటకి 30 కిలోమీటర్ల వేగం దాటొద్దు. ఎండ తగలని మలుపుల్లో రోడ్డు మీద కంటికి కనపడని గాజు పొర ఉంటుంది, కాబట్టి పది నుంచి మూడు మధ్యే నడపండి. రాత్రి ఆపినప్పుడు హ్యాండ్ బ్రేక్ వెయ్యొద్దు, షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. గేర్లో పెట్టి చక్రాలకి చెక్క దిమ్మలు వెయ్యండి. వాలు కింద కాకుండా, ఉదయపు ఎండ బానెట్ మీద పడేలా నిలపండి.

బయల్దేరే నెల ముందు, డిసెంబరులో, లంబసింగికి వెళ్లి రెండు రాత్రులు పడుకోండి. అక్కడ గడ్డకట్టేంత చలి నమ్మకంగా దొరకదు, వెయ్యి మీటర్ల ఎత్తు హీటర్‌కి పరీక్షే కాదు. చూడాల్సింది చెమ్మ. ఉదయం లేవగానే టార్చి వేసి ప్రతి స్క్రూ తల, కిటికీ అంచు, పరుపు అడుగు వేలితో తడిమి చూడండి. తడి తగిలిన ప్రతిచోటా కాజాలో మంచు ఉంటుంది, అక్కడ ఫోమ్ చాలలేదు లేదా గాలి ఆడలేదు. ఇంటికొచ్చి అది సరిచేశాకే చండీగఢ్ దారి పట్టండి. సరిచెయ్యడానికి వేళ లేకపోతే ఈ ఏడాదికి రెకాంగ్ పియో, కల్పా దాకా వెళ్లి ఆగండి. అక్కడా మంచు ఉంటుంది, రాత్రి ఏదైనా తేడా వస్తే గదులూ ఆసుపత్రీ దగ్గర్లో ఉంటాయి.

తిరిగొచ్చాక గొలుసులు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి నూనె రాయండి, మన గాలికి వారంలో తుప్పెక్కుతాయి. పరుపు, పట్టా ఎండలో వేసి, రెండు మూడు గోడ పలకలు విప్పి వెనక తడి ఉందేమో చూడండి. కూలెంట్ అలాగే ఉంచెయ్యొచ్చు, తగ్గినప్పుడు మెకానిక్ బోరు నీళ్లు పొయ్యకుండా అదే పాళ్లలో కలిపింది ఒక లీటరు బండిలో ఉంచుకోండి.